రెఫరెండం తీర్పుపై వాదనకు దిగే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు రెఫరెండంలో, అంటే ఒక ప్రశ్నపై జనమే నేరుగా వేసే ఓటులో, ఐరోపా సమాఖ్య నుంచి బయటకు రావాలని (బ్రెగ్జిట్) ఓటేశారు. ఆ తీర్పును అమలు చేసి తీరాలా అన్న తగవు 2020 జనవరి 31 వరకు తెగలేదు. అక్కడ నివసించే భారత పౌరులకు కామన్‌వెల్త్ పౌరులుగా ఓటు ఉండింది కాబట్టి అక్కడి తెలుగువారికి ఇది పరాయి తగవు కాదు. రేపు స్కాట్లండ్‌లోనో మరోచోటో ఇలాంటి ఓటు మళ్లీ వస్తే ఈ జాగ్రత్తలు అవసరమవుతాయి.

ముందుగా చట్టం చదవండి. ఎన్నికల పద్ధతి మార్పుపై 2011లో జరిగిన రెఫరెండానికి, జనం ఒప్పుకుంటే మార్పును అమల్లోకి తేవాలని చట్టంలోనే రాశారు. 2015 నాటి బ్రెగ్జిట్ రెఫరెండం చట్టంలో అలాంటి మాట లేదు. కాబట్టి న్యాయపరంగా ఆ తీర్పు సలహా మాత్రమే. అయితే మీరు నిర్ణయించినదాన్ని అమలు చేస్తామని ప్రభుత్వం ఇంటింటికీ కరపత్రం పంపింది. ఈ రెండింట్లో ఒకదాన్ని దాచి రెండోదాన్నే చూపడం నిజాయితీ కాదు. నా మట్టుకు ఆ హామీయే బరువైనది. ఓటు వేయమని పిలిచి, వేశాక "అది సలహానే" అంటే ఇంకెవరు నమ్ముతారు?

కానీ హామీకీ హద్దుంది. బ్యాలెట్‌పై ఉండాలా, వెళ్లాలా అన్న ప్రశ్న తప్ప ఉమ్మడి మార్కెట్, సుంకాలు, ఐర్లండ్ సరిహద్దు గురించి ఒక్క ముక్క లేదు. 2019 జనవరి 15న సమాఖ్యతో అప్పటి ప్రధాని థెరెసా మే కుదుర్చుకున్న నిష్క్రమణ ఒప్పందం పార్లమెంటులో 432–202 ఓట్లతో ఓడింది. ఓడించినవారిలో వెళ్లడమే వద్దన్నవారూ ఉన్నారు, ఇది వెళ్లినట్టే కాదన్నవారూ ఉన్నారు. అందుకే ఎవరైనా "అమలు చేయండి" అంటే, ఏ రూపంలోనో అడగండి.

అంకెల దగ్గర నోరు జారకండి. వెళ్లాలన్న 51.9 శాతాన్ని "దేశమంతా" అనకూడదు. ఓటు వేయనివారిని మీ లెక్కలో కలుపుకోకూడదు. స్కాట్లండ్‌లో 1979లో సొంత శాసనసభ కావాలా అన్న ఓటులో 51.6 శాతం సరే అన్నా, మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలన్న షరతు వల్ల అది వీగిపోయింది. ఆ షరతు మంచిదో కాదో గానీ, ఓటుకు ముందే పెట్టారు. ఫలితం చూశాక గీత జరపడం తప్పు.

మళ్లీ ఓటు కోరేవారు ఏం మారిందో చెప్పాలి. ఐర్లండ్ 2008లో ఓటులో తిరస్కరించిన లిస్బన్ ఒప్పందాన్ని (ఐరోపా సమాఖ్య నియమాలను మార్చిన ఒప్పందం) 2009లో మళ్లీ ఓటు వేసి ఒప్పుకుంది. ఈలోగా ఐర్లండ్‌కు కొన్ని హామీలు దక్కాయి.

మాట విషయంలో మరింత జాగ్రత్త. ఓటుకు వారం ముందు జో కాక్స్ అనే ఎంపీ హత్యకు గురయ్యారు. అవతలివారిని ద్రోహులనీ, తెలివిలేనివారనీ అనకండి. బ్రిటన్‌లో ఉంటున్న ఐరోపా సమాఖ్య పౌరుల్లో అత్యధికులకు ఆ రోజు ఓటే లేదు, తేలాల్సింది మాత్రం వారి నివాస హక్కు. అలాంటివారు పక్కన ఉన్నప్పుడు ముందు వాళ్ల మాట వినండి.