ఫ్లట్టర్‌తో డెస్క్‌టాప్ తెరలు – 4వ భాగం: కొలత ఎవరు నిర్ణయిస్తారు?

ఫ్లట్టర్ అంటే డార్ట్ భాషలో కోడ్ రాసి తెరలు తయారుచేసే సాధనం. గత భాగం చివరికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తా కోసం మొదలుపెట్టిన పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) ప్రోగ్రాం ఖాళీ విండో దగ్గర ఆగింది. ఇప్పుడు అందులో ఎడమ పక్కన లాటు (అమ్మకానికి వచ్చిన ఒక రైతు సరుకు) నమోదు చేసే ఫారం, కుడి పక్కన ఆ రోజు లాట్ల జాబితా పెడదాం. విడ్జెట్ల (తెరను కట్టే ముక్కల) పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా ఎడిటర్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే, పెద్దవీ చిన్నవీ తేడా చూసుకుని కొట్టాలి.

ముందుగా చిన్న ప్రయోగం. ప్రోగ్రాంను మొదలుపెట్టే రన్‌యాప్‌కు నేరుగా ఒక కంటైనర్ (పెట్టెలాంటి విడ్జెట్) ఇవ్వండి: వెడల్పు 100, ఎత్తు 100, రంగు ఎరుపు. విండో మొత్తం ఎర్రబడుతుంది. మీరు రాసిన 100ని ఎవరూ పట్టించుకోలేదు. అదే కంటైనర్‌ను సెంటర్ అనే విడ్జెట్‌లో పెట్టి నడపండి, నడిమధ్యన 100 × 100 చదరం వస్తుంది.

ఫ్లట్టర్‌లో ఏ విడ్జెట్టూ తన కొలత ఒంటరిగా తేల్చుకోదు. పైనున్న, అంటే దాన్ని చుట్టిన విడ్జెట్ నాలుగు అంకెలు కిందికి పంపుతుంది: వెడల్పుకు కనిష్ఠం, గరిష్ఠం; ఎత్తుకు కనిష్ఠం, గరిష్ఠం. లోపలి విడ్జెట్ ఆ హద్దుల్లో ఒక కొలత ఎంచుకుని పైకి చెబుతుంది. దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో మళ్లీ పైదే నిర్ణయం. విండో తన మొదటి విడ్జెట్‌కు కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఒకే అంకెగా ఇస్తుంది కాబట్టి ఎంచుకోవడానికేమీ ఉండదు. సెంటర్ మాత్రం కనిష్ఠాన్ని సున్నా చేసి పంపుతుంది, అందుకే 100 చెల్లింది. ఈ భాగంలో వచ్చే ప్రతి లోపాన్నీ ఈ నాలుగు అంకెలతోనే వివరించవచ్చు.

విండో కొలత సంగతి. విండోస్ ప్రాజెక్టులో విండోస్ ఫోల్డర్‌లోని రన్నర్ ఫోల్డర్‌లో మెయిన్ డాట్ సీపీపీ ఫైలు తెరిస్తే 1280 × 720 అని, మొదలయ్యే చోటు 10, 10 అని కనిపిస్తాయి. కొట్లలో ఇంకా నడుస్తున్న 1366 × 768 తెరపై ఇది ఇరుకే: 10 + 720 = 730. విండోస్ 10 టాస్క్‌బార్ 40 పోను మిగిలేది 728, అంటే అడుగు అంచు టాస్క్‌బార్ కిందికి పోతుంది. ఎత్తును 660కి తగ్గించండి. ఇది డార్ట్ ఫైలు కాదు, ప్రోగ్రాం ఆపకుండానే మార్పు చూపే హాట్ రీలోడ్‌తో మారదు. ప్రోగ్రాం ఆపి మళ్లీ నడపాలి. ఈ కొలతలు లాజికల్ పిక్సెళ్లు, అంటే తెర స్కేలింగ్‌తో భాగించాక వచ్చేవి. 1920 × 1080 ల్యాప్‌టాప్‌లో స్కేలింగ్ 150 శాతం ఉంటే మీ ప్రోగ్రాంకు తెర 1280 × 720గానే కనిపిస్తుంది. పైగా విండో కొలతలో టైటిల్ పట్టీ, అంచులు కూడా కలిసే ఉంటాయి కాబట్టి లోపల దక్కేది ఇంకాస్త తక్కువ. లెక్క సులువుగా ఉండాలని లోపలి వెడల్పు 1280 అనుకుందాం.

పేజీకి చట్రమైన స్కాఫోల్డ్ బాడీలో ఒక రో (లోపలివాటిని పక్కపక్కన పేర్చేది) పెట్టండి. అందులో మొదట 320 వెడల్పు సైజ్డ్‌బాక్స్ (ఖాయమైన కొలత పెట్టె), ఫారం దానిలో. తర్వాత ఎక్స్‌పాండెడ్ (మిగిలిన జాగా తీసుకునేది), జాబితా దానిలో. నడపగానే ఫారం విండో పైన కాక మధ్యకు దిగి కనిపిస్తే కంగారు పడకండి, నిలువునా నడుమ నిలపడం రో అలవాటు. క్రాస్‌యాక్సిస్‌అలైన్‌మెంట్‌ను స్ట్రెచ్ చేస్తే సరి.

ఫారంలో కాలమ్ (ఒకదాని కింద ఒకటి పేర్చేది), దానిలో రైతు పేరు, మిర్చి రకం (తేజ, బాడిగ, 341 వగైరా), టిక్కీలు (మిర్చి బస్తాలు), చివర బరువు, ధర పక్కపక్కన. ఆ రెంటినీ ఒక రోలో రెండు టెక్స్ట్‌ఫీల్డ్‌లుగా పెట్టి చూడండి. ఆ భాగం తెరపైకి రాదు. ఇన్‌పుట్‌డెకొరేటర్‌కు అన్‌బౌండెడ్ విడ్త్ ఉండకూడదని కన్సోల్ గోల పెడుతుంది. రో తన సాధారణ పిల్లలకు (లోపలి విడ్జెట్లకు) పంపే గరిష్ఠ వెడల్పు అనంతం. టెక్స్ట్‌ఫీల్డ్ ఇచ్చినంతా తీసుకునే రకం. అనంతాన్ని తీసుకోలేదు కాబట్టి ఆగిపోయింది. రెంటినీ చెరో ఎక్స్‌పాండెడ్‌లో చుట్టండి: రో ముందు మిగతావాటిని కొలిచి, మిగిలిన జాగాను వీటికి పంచుతుంది.

కుడి పక్క కూడా ఇదే జబ్బు నిలువుగా వస్తుంది. కాలమ్‌లో పైన శీర్షిక, కింద లిస్ట్‌వ్యూ బిల్డర్ (స్క్రోల్ అయ్యే జాబితా) పెడితే ‘వర్టికల్ వ్యూపోర్ట్ వాజ్ గివెన్ అన్‌బౌండెడ్ హైట్’ అంటుంది. జాబితాను ఎక్స్‌పాండెడ్‌లో పెట్టాలి. ష్రింక్‌ర్యాప్ ట్రూ చేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు, వినకండి. ఎర్రర్ పోతుంది కానీ కనిపించే వరుసలే కాక అన్నీ ఒకేసారి తయారవుతాయి, సీజన్‌లో లాట్లు పెరిగినకొద్దీ జాబితా స్క్రోల్ కాకుండా విండో అడుగు దాటిపోతుంది.

జాబితా వరుసలో గడుల పంపకం ఇలా: లాటు నంబరుకు ఖాయంగా 80, రైతు పేరుకు ఫ్లెక్స్ (మిగిలిన జాగాలో వంతులు) 3, టిక్కీలకు 1, బరువుకు 2, ధరకు 2. వరుసకు ఇరువైపులా 16 ప్యాడింగ్ (ఖాళీ అంచు). 1280లో ఫారం 320 పోతే 960, ప్యాడింగ్ పోతే 928, నంబరు పోతే 848. ఫ్లెక్స్ మొత్తం 8, ఒక్కో వంతు 106. పేరుకు 318, టిక్కీలకు 106, బరువు, ధరలకు చెరో 212.

విండోను 700కి లాగితే వంతు 33.5కి పడిపోయి అంకెలు రెండు వరుసలుగా విరుగుతాయి. పేరు గడిలో మాక్స్‌లైన్స్ 1, ఎలిప్సిస్ (పట్టని చోట మూడు చుక్కలు) పెట్టడం మంచిదే. బరువుకీ ధరకీ మాత్రం ఎలిప్సిస్ వద్దే వద్దు: చివరి అంకెలు మింగేసిన ధర చూసి పట్టీ రాస్తే రైతుతో తగవే. దానికి బదులు బాడీని, పైనుంచి వచ్చిన హద్దులు చూపే లేఅవుట్‌బిల్డర్‌లో పెట్టి, గరిష్ఠ వెడల్పు 900 కన్నా తగ్గితే రోకు బదులు కాలమ్ ఇవ్వండి: పైన 280 ఎత్తు సైజ్డ్‌బాక్స్‌లో ఫారం, కింద ఎక్స్‌పాండెడ్‌లో జాబితా. ఎత్తు చాలనప్పుడు ఫారం జరగాలంటే దాన్ని సింగిల్‌చైల్డ్‌స్క్రోల్‌వ్యూలో చుట్టాలి. అప్పుడు ఫారం కాలమ్‌లో స్పేసర్ గానీ ఎక్స్‌పాండెడ్ గానీ ఉండకూడదు. స్క్రోల్‌వ్యూ లోపల ఎత్తుకు హద్దు లేదు, పంచడానికి ‘మిగిలిన జాగా’ అనేదే ఉండదు.

తెలుగు పేర్లతో మరో చిక్కు. ‘సేవ్’ పట్టిన బటన్‌లో ‘పట్టీ ముద్రించు’ పట్టదు. బటన్ల వరుసలో జాగా చాలకపోతే కుడి అంచున పసుపు, నలుపు చారలొస్తాయి, ఎన్ని పిక్సెళ్లు మించాయో కూడా రాసి ఉంటుంది. రో బదులు ర్యాప్ వాడితే మిగిలిన బటన్లు కింది వరుసకు దిగుతాయి. స్పేసింగ్, రన్‌స్పేసింగ్ రెండూ 8 ఇవ్వండి. ఈ చారలు డీబగ్‌లోనే వస్తాయి. రిలీజ్ బిల్డ్‌లో చారలుండవు, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే విండోను నాలుగు వైపులా లాగి చూశాకే బిల్డ్ చేయాలి. అక్షరాలకు టెక్స్ట్‌స్టైల్ హైట్ 1.0 పెట్టకండి, పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. 1.4 నుంచి 1.5 బాగుంటుంది. గడులకు ఖాయమైన ఎత్తు ఇవ్వకుండా అక్షరాలకే వదిలేయండి.

అభ్యాసం: బాడీ వెడల్పు 1000 ఉన్నప్పుడు టిక్కీల గడికి ఎంత వస్తుందో ముందు కాగితం మీద లెక్క కట్టి, తర్వాత ఫ్లట్టర్ డెవ్‌టూల్స్‌లో ఇన్‌స్పెక్టర్ తెరిచి సరిచూడండి. 71 రావాలి. మీకు 73 వస్తే ప్యాడింగ్‌ను ఒక్క వైపే తీసేశారని అర్థం.