అటక మీది గాజు పుట్టగొడుగు: సమస్య – పరిష్కారం

తెల్ల చుక్కల ఎర్ర పుట్టగొడుగు జర్మన్ల నమ్మకంలో అదృష్టానికి గుర్తు. అడవిలో కనిపించే అసలుది మాత్రం విషపుది. ఉరిమితే పుట్టగొడుగులు మొలుస్తాయని చెప్పుకునే మనకు ఇలాంటి నమ్మకాలు కొత్తేం కాదు. జర్మనీలోని లౌషా అనే ఊళ్లో 1597లోనే గాజు కొలిమి పెట్టారు. 19వ శతాబ్దం నుంచి క్రిస్మస్ చెట్టుకు కట్టే గాజు బొమ్మలను అక్కడ నోటితో ఊది చేస్తున్నారు.

అలాంటి గాజు పుట్టగొడుగు బొమ్మను ఎవరో బంధువులు తెచ్చిస్తే, సికింద్రాబాద్ ఇంట్లో అది ఏడాదిలో ఎక్కువ కాలం అటక మీదే ఉంటుంది. మే నెల వేడి, వానాకాలం తేమ రెండూ దానికి అక్కడే. డిసెంబర్‌లో పెట్టె దించాక కనిపించే తేడాలు ఇవీ.

లోపల నల్ల మచ్చలు

అందరూ ముందు బయట తుడుస్తారు. మచ్చ పోదు, ఎందుకంటే అది ఉన్నది లోపల. గాజును ఊదాక లోపల సిల్వర్ నైట్రేట్ ద్రావణం పోసి కదిలిస్తారు. దాంతో లోపలి గోడకు పలుచని వెండి పూత పడుతుంది. రంగులు ఆ తర్వాత బయట వేస్తారు. పైనున్న లోహపు మూత గాలి చొరకుండా బిగించింది కాదు. మెడ దగ్గరి సందులోంచి తేమ, గాలిలోని గంధకం లోపలికి పోయి వెండిని నల్లబరుస్తాయి. కాళ్ల పట్టీలు నల్లబడేదీ ఇందుకే. పట్టీలనైతే తోముకోవచ్చు, ఇక్కడ చెయ్యి దూరదు.

మచ్చలు మెడ చుట్టూ మొదలై కిందికి పాకితే కారణం గాలి, తేమ. పూత పొరలుగా లేచి అవతలి వైపు కనిపిస్తుంటే నీళ్లు దిగాయన్నమాట. పెట్టెకు రబ్బరు బ్యాండు వేసే అలవాటుంటే మానండి, రబ్బరులో గంధకం ఉంటుంది.

పోయిన మెరుపు తిరిగి రాదు. లోపల ఏదైనా పోసి కడిగితే ఉన్నదీ పోతుంది. మూత మెల్లగా తీసి, తేమ లేని గదిలో ఒక రోజు ఉంచి, మళ్లీ పెట్టండి. సర్దేటప్పుడు తెల్లటి టిష్యూ కాగితంలో చుట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పక్కన పడేయండి. అటక కన్నా బీరువా నయం. మచ్చ ఉన్న వైపు గోడకు తిప్పి కడితే పండక్కి వచ్చినవాళ్ల కంట పడదు.

న్యూస్‌పేపర్ అంటుకుపోయింది

వేడికి పైరంగు మెత్తబడింది. లాగితే చుక్కలు కాగితంతో పాటే వస్తాయి. ముందు చల్లటి గదిలో పెట్టి గట్టిపడనిచ్చి, ఊడినంతవరకే తీయండి. మిగిలిన ముక్కను వదిలేయడమే మంచిది. తడిగుడ్డ, గ్లాస్ క్లీనర్ స్ప్రే వద్దు, రంగు లేచిపోతుంది. దుమ్ముకు బొమ్మలేసే మెత్తటి బ్రష్ చాలు.

మూత ఊడి వస్తోంది

మూత కింది తీగ కాళ్లు పట్టు వదిలాయి. మూత తీసి, వాటిని వేళ్లతో కాస్త వెడల్పు చేసి, మళ్లీ దగ్గరికి నొక్కి మెడలోకి దించండి. తర్వాత పరుపు మీద అరచెయ్యి ఎత్తులో పట్టుకుని చూడండి, నిలిస్తే చెట్టుకు కట్టొచ్చు. బొమ్మను ఎప్పుడైనా ఒంటిని పట్టుకునే ఎత్తాలి, మూతను పట్టుకుని కాదు.

మెడ అంచు విరిగి ఉంటే తీగ కాళ్లు ఆ విరుగును ఇంకా పెంచుతాయి. ఫెవిక్విక్ లాంటి జిగురు రాస్తే దాని ఆవిరికి గాజు మీద తెల్లటి పొగలాంటి మరక పడుతుంది. ఇక దాన్ని వేలాడదీయకండి. ఒక గాజు గిన్నెలో దూది పరిచి పెట్టండి, అక్కడా బాగానే ఉంటుంది.

వేలాడదీస్తే టంగుమని చప్పుడు

ఫ్యాన్ గాలికి ఊగి పక్క బొమ్మకు కొట్టుకుంటోంది. మన దగ్గర డిసెంబర్‌లోనూ దోమలకి భయపడి ఫ్యాన్ ఆపం కదా! సరుగుడు కొమ్మ చివర కడితే అది ఇంకా ఊగుతుంది. కాండానికి దగ్గరగా, గట్టి కొమ్మకు కట్టండి. పాతరకం సీరియల్ బల్బులు వేడెక్కుతాయి, వాటికి తగలనివ్వకండి.

అయినా పగిలితే చెప్పులేసుకోండి, పిల్లల్ని అవతలికి పంపండి. ఈ గాజు చాలా పలుచన, ముక్కలు కంటికి ఆనవు. పెద్దవి అట్టతో ఎత్తి, సన్నవి వెడల్పాటి టేపుతో అద్దాలి. అన్నీ మందపాటి కాగితంలో చుట్టి, చెత్త ఆటో అతనికి గాజని చెప్పి మరీ ఇవ్వండి.