బ్యాటరీ నీళ్లు తాగేస్తోందా? ముందు టెంపరేచర్ సెన్సర్‌ను పరీక్షించండి

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే సోలార్ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఒకే ఫిర్యాదు. మూడు నెలలకోసారి పోసే డిస్టిల్డ్ వాటర్ మూడు వారాలకే అయిపోతోంది, బ్యాటరీ మీద చెయ్యి పెడితే వేడి తగులుతోంది, మూతల చుట్టూ తడి. వెంటనే బ్యాటరీ పోయిందని తేల్చేసి కొత్తది తెచ్చేస్తారు. బ్యాటరీ వేడిని కొలిచే పాత సెన్సర్ మాత్రం అలాగే ఉంటుంది, కొత్త బ్యాటరీకీ అదే గతి పడుతుంది. బ్యాటరీకి వేలు పోసే ముందు సెన్సర్ మీద ఒక గంట పెట్టండి.

లెడ్ ఆసిడ్ బ్యాటరీ వేడెక్కే కొద్దీ ఛార్జింగ్ వోల్టేజ్ తగ్గాలి. 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి 18 నుంచి 30 మిల్లీవోల్టుల దాకా తగ్గించమంటారు, కచ్చితమైన అంకె మీ బ్యాటరీ పుస్తకంలో ఉంటుంది. 24 అనుకుందాం. 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు ఇవ్వాల్సిన ఛార్జర్, 45 డిగ్రీల దగ్గర 13.92కి దిగాలి. బ్యాటరీ ఎంత వేడిగా ఉందో ఛార్జర్‌కి చెప్పేది ఆ సెన్సర్ ఒక్కటే. అది తక్కువ చెబితే వోల్టేజ్ దిగదు. అప్పుడు నీరు గ్యాసై పోతుంది, బ్యాటరీ ఇంకా కాగుతుంది.

అందరూ వదిలేసే పని: డిస్‌ప్లేలో అంకె చూడడం

ఇన్వర్టర్ మెనూలో బ్యాటరీ టెంపరేచర్ అని ఒక అంకె ఉంటుంది. మధ్యాహ్నం ఛార్జింగ్ నడుస్తుండగా దాన్ని చూడండి. అదే సమయంలో బ్యాటరీ పక్క గోడకి, లోపలి నీటి మట్టం కన్నా కిందుగా, థర్మామీటర్ కొనను టేపుతో అంటించి పైన దూది కప్పి పది నిమిషాలు ఉంచండి. రెండిటికీ రెండు మూడు డిగ్రీల తేడా మామూలే. డిస్‌ప్లే ఐదుకి మించి తక్కువ చూపిస్తే లోపం సెన్సర్ వైపే ఉంది, బ్యాటరీని తిట్టకండి.

పొద్దున్నా మధ్యాహ్నం కూడా అంకె 25 దగ్గరే కదలకుండా ఉంటే ఛార్జర్‌కి సెన్సర్ కనిపించడం లేదు. సెన్సర్ దొరక్కపోతే చాలా ఛార్జర్లు 25 అనుకుని నడిపించేస్తాయి. ప్లగ్ ఊడి ఉంటుంది, లేదా తీగ తెగి ఉంటుంది. అంకె ఏకంగా మైనస్‌లో ఉన్నా అదే కారణం. అలారం కొట్టి ఛార్జింగ్ ఆగిపోతే తీగలు రెండూ ఎక్కడో కలిశాయి. ఇవి తేలిగ్గా దొరికేవి.

మల్టీమీటర్‌తో కొలవడం

ఎక్కువ ఛార్జర్లతో వచ్చేది 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపే ఎన్‌టీసీ రకం. వేడి పెరిగితే దీని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే అంకెని బీటా అంటారు. బీటా 3950 రకానికి సుమారుగా ఇలా ఉండాలి:

0 డిగ్రీలు: 33 కిలో ఓమ్‌లు
20 డిగ్రీలు: 12.5
25 డిగ్రీలు: 10
30 డిగ్రీలు: 8
40 డిగ్రీలు: 5.3
45 డిగ్రీలు: 4.35
50 డిగ్రీలు: 3.6

ప్లగ్‌ను ఇన్వర్టర్ నుంచి తీసేశాకే కొలవాలి. పెట్టి ఉండగా కొలిస్తే బోర్డు మీది వోల్టేజ్, రెసిస్టర్లు కలిసి తప్పు అంకె వస్తుంది. ప్రోబ్‌లను రెండు చేతుల వేళ్లతో పిన్నులకి అదిమి పట్టుకోకండి, మీ ఒంటి రెసిస్టెన్స్ కూడా మీటర్‌లోకి చేరుతుంది. మొసలి క్లిప్పులు వాడండి. సెన్సర్‌ను గుప్పిట్లో పట్టుకున్నా రీడింగ్ జారుతుంది.

సెన్సర్ బాగానే ఉందని నమ్మించే లోపం

ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు. 25 డిగ్రీల గదిలో ప్లగ్ దగ్గర కొలిస్తే 11.5 వస్తుంది. "10కి దగ్గరే కదా, సెన్సర్ ఓకే" అని పక్కన పెట్టేస్తారు. అది ఓకే కాదు.

బ్యాటరీ గదిలో ఆసిడ్ ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. అది క్రింప్ చేసిన (తీగకి పిన్నును నొక్కి బిగించిన) చోట, ప్లగ్ పిన్నుల మొదట్లో, తీగ పోగుల మధ్యకి చేరి చిలుము పుట్టిస్తుంది. పైన ప్లాస్టిక్ శుభ్రంగానే ఉంటుంది, లాగితే తీగ ఊడదు, కదిలిస్తే రీడింగ్ ఎగరదు. ఆ చిలుము సెన్సర్‌తో వరసలో ఒక రెసిస్టర్‌లా కూర్చుంటుంది. అది 1.5 కిలో ఓమ్‌లు అనుకోండి. 25 డిగ్రీల దగ్గర 10కి 1.5 కలిస్తే 11.5, అంటే ఛార్జర్ దాన్ని 22 డిగ్రీలుగా చదువుతుంది. తప్పు మూడు డిగ్రీలే. అదే బ్యాటరీ 45కి చేరితే అసలు విలువ 4.35, దానికి 1.5 కలిస్తే 5.85. ఛార్జర్ 37.5 అనుకుంటుంది. 50 దగ్గర 5.1 కనిపించి 41 అనుకుంటుంది. తప్పు తొమ్మిది డిగ్రీలకి పెరిగింది. చిలుము ఏమీ పెరగలేదు, వేడిలో సెన్సర్ సొంత రెసిస్టెన్స్ తగ్గిపోవడంతో అదే 1.5 బరువు పెరిగింది. ఎండాకాలం మధ్యాహ్నం, సరిగ్గా బ్యాటరీని కాపాడాల్సిన వేళకి సెన్సర్ ఎక్కువ తప్పు చెబుతుందన్నమాట. 45 దగ్గర ఆ ఏడున్నర డిగ్రీల తప్పుకి 12 వోల్టుల బ్యాటరీ మీద 0.18 వోల్టులు అదనం, 24 వోల్టుల సెట్‌కి రెట్టింపు.

అందుకే గదిలో ఒక్కసారి కొలిచి వదిలేయకూడదు, వేడి నీళ్లలోనూ కొలవాలి. ముందు ఛార్జింగ్, లోడ్ రెండూ ఆపండి. చాలా సెట్లలో సెన్సర్ లగ్ (బోల్టుకి తగిలించే రింగు) మెయిన్ కేబుల్ బోల్టు మీదే ఉంటుంది, కరెంటు పారుతుండగా వదులు చేస్తే గ్యాస్ ఉన్న చోట నిప్పురవ్వ లేస్తుంది. స్పానర్ పిడికి టేపు చుట్టండి, ఉంగరం, వాచీ తీసేయండి.

తీసిన సెన్సర్‌ను పల్చటి పాలిథీన్ కవర్లో గాలి లేకుండా చుట్టి, స్టీలు గ్లాసులో 40 డిగ్రీల నీళ్లలో ముంచండి. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ 40 దగ్గర సరిగ్గా చెబుతుంది, విడిగా ఏమీ కొననక్కర్లేదు. నీళ్లు కలుపుతూ ఐదు నిమిషాలు ఆగి, ప్లగ్ చివరన కొలవండి. 5.3 రావాలి. 6.8 వచ్చి, గదిలో కూడా ఉండాల్సిన దానికన్నా 1.5 ఎక్కువే ఉంటే చిలుమే. అదనం రెండు చోట్లా ఒకటే ఉండడం దీని గుర్తు. 25 దగ్గర సరిగ్గా 10, 40 దగ్గర 5.8 వస్తే మాత్రం అది చిలుము కాదు, ఎవరో బీటా 3435 సెన్సర్ తగిలించారు. విలువ చూసి మార్చేయండి.

చిలుము ఎక్కడుందో తేల్చడానికి, సెన్సర్ ఇంకా నీళ్లలో ఉండగానే లగ్‌కి ఐదు సెంటీమీటర్ల దూరంలో రెండు తీగల్లోకీ ఒక్కో కుట్టుసూది గుచ్చి వాటి మధ్య కొలవండి. అక్కడ 5.3 ఉంటే లోపం తీగలో లేదా ప్లగ్‌లో ఉంది. అక్కడా 6.8 ఉంటే సెన్సర్ లోపలే పోయింది, ఎపాక్సీ పోసి ఉంటుంది కాబట్టి విప్పే పని పెట్టుకోకుండా మార్చండి.

ప్లగ్ వైపు లోపమైతే తీగను నాలుగు సెంటీమీటర్లు వెనక్కి కత్తిరించి పోగులు చూడండి. రాగి మెరవాలి. నల్లగా ఉంటే ఇంకా వెనక్కి వెళ్లండి. అర మీటరు దాటినా నలుపు పోకపోతే ఆసిడ్ తీగ వెంట పాకింది, తీగ మొత్తం మార్చాలి. కొత్త ప్లగ్‌ను చేత్తో నొక్కి సరిపెట్టకుండా క్రింపింగ్ టూల్‌తో కొట్టండి. అతుకు పెట్టాల్సి వస్తే టంకం వేసి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. సూది గుచ్చిన రంధ్రాల మీద కూడా ఒక ముక్క వేయండి. ఇన్సులేషన్ టేపు ఆసిడ్ గదిలో ఏడాది కూడా నిలవదు. చివరగా ఇన్వర్టర్ పూర్తిగా ఆపి దాని సాకెట్ పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి, చిలుము అటువైపు కూడా పడుతుంది.

మిగతావి

బ్యాటరీ నిండకుండానే ఛార్జింగ్ తగ్గిపోతోంది, డిస్‌ప్లే ఎక్కువ వేడి చూపిస్తోంది అంటే ప్లగ్‌లో తడి చేరి కరెంటు పక్కదారి పట్టి ఉండొచ్చు. ఆరబెట్టి కొలవండి. లేదా బోల్టు వదులై టెర్మినలే కాలుతోంది, సెన్సర్ నిజమే చెబుతోంది. బిగించేటప్పుడు మెయిన్ కేబుల్ లగ్ నేరుగా టెర్మినల్ మీద, దాని పైన సెన్సర్ లగ్ రావాలి. సెన్సర్ లగ్‌ను మధ్యలో ఇరికించకండి.

విక్ట్రాన్ కంపెనీ మల్టీప్లస్, క్వాట్రో ఇన్వర్టర్లతో వచ్చే సెన్సర్ ఎన్‌టీసీ కాదు, ఓమ్‌లలో కొలిచి పోయిందనుకోకండి. దాన్ని తగిలించి ఉంచే డీసీ వోల్టుల్లో కొలవాలి: 25 డిగ్రీలకి 2.98, ఒక్కో డిగ్రీకి 0.01 పెరుగుతుంది. దీనికి ప్లస్, మైనస్ ఉంటాయి. చిలుము పడితే ఇది వేడిని ఎక్కువ చూపిస్తుంది.

లిథియం బ్యాటరీకి ఈ వోల్టేజ్ సవరణ అక్కర్లేదు, సెట్టింగ్‌లో సున్నా ఉంటుంది. ట్యూబులర్ (లెడ్ ఆసిడ్) బ్యాటరీ పెట్టుకుని కూడా మెనూలో లిథియం అని ఉంటే సెన్సర్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు. బోర్డు పోవడం చాలా అరుదు. ప్లగ్ స్థానంలో ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే డిస్‌ప్లే 25 చూపిస్తే బోర్డు బాగున్నట్టే.

వరసగా నాలుగు బ్యాటరీలుంటే సెన్సర్‌ను చివరి దానికి తగిలించకండి. గాలి తక్కువ ఆడే మధ్య బ్యాటరీకి పెట్టి, మర్నాడు మధ్యాహ్నం ఛార్జింగ్‌లో థర్మామీటర్‌తో మళ్లీ ఒకసారి పోల్చి చూడండి.