హోమ్ లోన్ ఈఎంఐలు తప్పిపోయాక బాకీ కడుతుంటే పడే ఛార్జీల సంగతి ఎలా చూసుకోవాలి?

మా అప్ప (అక్క) వాళ్ళ ఇల్లు శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే దారిలో ఉంది. బావ పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో చేస్తారు, పోయినేడాది హైవే మీద బండి జారి కాలు విరిగి నాలుగు నెలలు మంచం మీదే ఉండిపోయారు, మూడు ఈఎంఐలు వరసగా తప్పిపోయాయి. ఈఎంఐ 16,250, మూడు నెలలకి 48,750. అప్ప గాజులు తాకట్టు పెట్టి 50 వేలు తెచ్చి లోన్ వాళ్ళకి ఫోన్ చేస్తే మొత్తం 62,143 కట్టాలన్నారు. ఆ పైన 13,393 దేనికి అంటే "ఛార్జీలండి, సిస్టమ్‌లో చూపిస్తోంది" అన్నారు, అంతే.

ఆ సిస్టమ్‌లో ఏం చూపిస్తోందో కాగితం మీద రప్పించుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది. చివరికి 5,053 తీసీసారు. మిగతాది న్యాయంగా మేం కట్టాల్సిందే, కట్టీసాం. ఈఎంఐ బాకీ వేరు, ఛార్జీలు వేరు, ఈ రెండూ ఒకే అంకెలో కలిపీసి చెప్తే మనకి ఏదీ అర్థం కాదు, కాబట్టి ముందు వాటిని విడదీయించాలి. మాకు తెలిసింది తెలిసినట్టు వరసగా చెప్తాను.

1. ఫోన్‌లో చెప్పిన అంకెకి డబ్బులు వెయ్యొద్దు, రాసి ఇమ్మనండి

లోన్ ఆఫీసుకి రెండు అడగాలి. ఒకటి లోన్ అకౌంట్ స్టేట్‌మెంట్, మొదటి ఈఎంఐ తప్పిన నెల కంటే ముందు నెల నుంచి ఇప్పటిదాకా. రెండోది ఛార్జీల బ్రేకప్, ఏ తేదీన ఏ పేరుతో ఎంత వేశారు, జీఎస్టీ ఎంత అని లైన్ లైన్‌గా. నోటితో అడిగితే "పంపిస్తాం" అని ఊరుకుంటారు, మెయిల్ పెట్టండి, మెయిల్ రాదంటే తెల్లకాగితం మీద తెలుగులోనే రాసి ఆఫీసులో ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మేం రాసింది ఇంతే:

"మా లోన్ నంబరు ఫలానా. మా ఈఎంఐ బాకీ ఎంత, పీనల్ ఛార్జీలు ఎంత, బౌన్స్ ఛార్జీలు ఎంత, మిగతా ఛార్జీలు ఏవేవి ఎంతెంత అని తేదీలతో విడివిడిగా రాసి ఇవ్వగలరు. ఒక్కో ఛార్జీ లోన్ అగ్రిమెంట్‌లో ఏ పేజీలో ఉందో కూడా చెప్పగలరు. బాకీ కట్టడానికి సిద్ధంగా ఉన్నాం."

ఆఖరి వాక్యం మాత్రం వదలొద్దు. ఎగ్గొట్టడానికి సాకులు వెతుకుతున్నారు అని రేపు ఎవరూ అనకుండా అది కాపాడుద్ది.

అగ్రిమెంట్ కాపీ మీ దగ్గర లేకపోతే అదీ అడగండి. మా అప్ప దగ్గర సంతకాలు పెట్టిన బొత్తిలో సగం పేజీలే ఉన్నాయి, చాలామంది ఇళ్ళలో ఇదే పరిస్థితి. 2024 అక్టోబర్ 1 తర్వాత శాంక్షన్ అయిన లోన్ అయితే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని లోన్ వడ్డీ, ఛార్జీల వివరాలన్నీ ఉన్న ఒక కాగితం ఇచ్చి ఉండాలి, అందులో లేని ఛార్జీని మీరు ఒప్పుకోకుండా తర్వాత వెయ్యడానికి లేదు.

2. ఒక్కో లైను మీద వేలు పెట్టి అడగండి

దీనికి టైం పడుద్ది, కానీ డబ్బులు మిగిలేది ఇక్కడే. మా అప్ప వాళ్ళ బ్రేకప్ వచ్చాక చూస్తే ఇలా ఉంది: బౌన్స్ ఛార్జీలు (అకౌంట్‌లో డబ్బులు లేక ఈఎంఐ తిరిగొస్తే వేసేవి) ఐదుసార్లు, ఒక్కోటి 590 చొప్పున 2,950. పీనల్ ఛార్జీలు (ఆలస్యానికి జరిమానా) 1,850, దాని మీద జీఎస్టీ 333. లీగల్ నోటీసు 3,540. ఇంటికి వచ్చి అడిగినందుకు ఫీల్డ్ విజిట్ నాలుగుసార్లు 2,360. ఇంటి వాల్యుయేషన్ (విలువ కట్టినందుకు) 2,360.

పీనల్ ఛార్జీల గురించి ముందు చెప్తాను, ఎందుకంటే దీనికి రిజర్వ్ బ్యాంక్ రూలు గట్టిగా ఉంది. 2023 ఆగస్టు 18న ఒక సర్క్యులర్ ఇచ్చారు, కొత్త లోన్లకి 2024 ఏప్రిల్ 1 నుంచి, పాత లోన్లకి 2024 జూన్ నెలాఖరు లోపు అమలు అన్నారు. ఇది బ్యాంకులకీ, కోఆపరేటివ్ బ్యాంకులకీ, ఫైనాన్స్ కంపెనీలకీ, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకీ అందరికీ వర్తిస్తుంది. ఇదివరకు ఈఎంఐ తప్పితే వడ్డీ రేటుకే రెండు శాతమో మూడు శాతమో కలిపీసి పీనల్ వడ్డీ అనేవారు, ఇప్పుడు అలా వడ్డీలో కలపకూడదు, విడిగా ఛార్జీగానే వెయ్యాలి, ఆ ఛార్జీ మీద మళ్ళీ వడ్డీ లెక్కకట్టకూడదు. మనం ఆలస్యం చేసిన ఈఎంఐ మీద మామూలు వడ్డీ మాత్రం నడుస్తుంది, దాన్ని ఎవరూ ఆపరు. రిమైండర్ పంపిన ప్రతిసారీ పీనల్ ఎంత పడుద్దో చెప్పాలి, వేసినప్పుడు ఎందుకు వేశారో కూడా చెప్పాలి. కాబట్టి స్టేట్‌మెంట్‌లో పీనల్ ఛార్జీ అసలులో కలిసిపోయిందా అని చూడండి, కలిస్తే ఆ లైను కింద గీత గీసి ఈ సర్క్యులర్ తేదీ రాసి ఇవ్వండి.

పీనల్ ఛార్జీ మీద జీఎస్టీ లేదు. 2024 డిసెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ చెప్పింది, 2025 జనవరి 28న సర్క్యులర్ కూడా వచ్చింది. 333 రూపాయలే కదా అనుకోకండి, అది అడిగేసరికి అవతల వాళ్ళకి మనం చదువుకుని వచ్చామని తెలిసింది, మిగతా లైన్ల మీద మాట తీరు మారిపోయింది.

బౌన్స్ దగ్గర మూడు నెలలకి ఐదుసార్లు ఎందుకు పడింది? ఆ మూడు నెలల్లో రెండింట్లో, ఈఎంఐ మొదటిసారి డబ్బులు లేక తిరిగొచ్చాక వారం తిరక్కుండానే అదే ఈఎంఐని అకౌంట్ నుంచి తీసుకోవడానికి మళ్ళీ పెట్టారు, బావ మంచం మీద ఉన్నారని చెప్పాక కూడా. రెండోసారి పెట్టే ముందు మాకు చెప్పారా అని అడిగాం, జవాబు లేదు, రెండు తీసీసారు. మూడు ఉంచారు, అవి న్యాయమే.

ఫీల్డ్ విజిట్‌కి ఎవరు ఏ తేదీన వచ్చారో చెప్పమన్నాం, నాలుగింట్లో రెండింటికి తేదీలు చూపించలేకపోయారు, ఆ రెండూ తీసీసారు. వాల్యుయేషన్ మాటకొస్తే ఇంటికి ఎవరూ వచ్చి కొలిచింది లేదు, ఆ రిపోర్టు కాపీ ఇమ్మంటే ఆ ఛార్జీ కూడా తీసీసారు. లీగల్ నోటీసు మాత్రం నిజంగా వచ్చింది, రిజిస్టర్ పోస్టులో అప్ప సంతకం పెట్టి తీసుకుంది, అందుకని 3,540 గురించి మేం గొడవ పెట్టలేదు. నిజంగా జరిగిన పనికి అగ్రిమెంట్‌లో ఉన్న రేటు వేస్తే కట్టాలి, జరగని పనికి కాగితం చూపించమనాలి. అన్నీ తప్పే అని వాదించేవాళ్ళ మాట ఎవరూ వినరు.

3. ముందు ఈఎంఐకి జమ అయ్యేలా కట్టండి

చాలామంది దెబ్బతినేది ఇక్కడ. 16 వేలు వేస్తే అందులో పదమూడు వేలు ఛార్జీలకి పోయి మూడు వేలే ఈఎంఐకి జమ అయితే, డబ్బులు పోయినట్టూ ఉంటుంది, బాకీ అలాగే ఉన్నట్టూ ఉంటుంది. ఏది ముందు జమ చేసుకోవాలో అగ్రిమెంట్‌లో రాసి ఉంటుంది, అది చూడండి. అయినా సరే కట్టే రోజు మెయిల్‌లో "ఈ డబ్బు ఫలానా నెల ఈఎంఐకి జమ చెయ్యండి, ఛార్జీల మీద మా అభ్యంతరం పెండింగ్‌లో ఉంది" అని రాయండి. కొన్ని యాప్‌లలో ఈఎంఐ బాకీ, ఛార్జీలు వేరువేరు గళ్ళలో ఉంటాయి, ఛార్జీల గడి మీద టిక్కు తీసీసి కట్టొచ్చు.

దీనికి తొందర ఎందుకంటే 90 రోజుల లెక్క ఉంది. ఈఎంఐ గడువు దాటి 90 రోజులు మించిపోతే లోన్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అయిపోద్ది. ఎన్‌పీఏ కాకముందు మూడు బాకీల్లో పాతది ఒక్కటి పూర్తిగా కట్టినా ఆ లెక్క వెనక్కి జరుగుద్ది. ఎన్‌పీఏ పడ్డాక మాత్రం ఉన్న బాకీ అసలూ వడ్డీ మొత్తం కట్టేదాకా మామూలు లోన్‌గా మార్చరు, 2021 నవంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ ఇది స్పష్టంగా చెప్పింది. కాబట్టి చేతిలో ఒక్క ఈఎంఐకి సరిపడా ఉన్నా దాన్ని ఛార్జీల గొడవ తేలేదాకా దాచుకోవద్దు, ఈఎంఐకి వేసీండి.

ఇంటికి వచ్చిన మనిషి చేతికి క్యాష్ ఇవ్వొద్దు. తప్పనిసరై ఇస్తే అక్కడికక్కడే కంపెనీ రసీదు తీసుకోండి. రికవరీ వాళ్ళు ఉదయం 8 కంటే ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చెయ్యకూడదు, చేస్తే టైం రాసి పెట్టుకోండి.

4. కొత్త బౌన్స్ పడకుండా చూసుకోండి

పాత ఛార్జీలతో ఇటు పోరాడుతుంటే అటు కొత్తవి పడుతూ ఉంటాయి. ఈఎంఐ బౌన్స్ అయితే లోన్ ఇచ్చినవాళ్ళు ఒక ఛార్జీ వేస్తారు, మీ సేవింగ్స్ అకౌంట్ ఉన్న బ్యాంకు కూడా విడిగా ఇంకోటి వేస్తుంది. అకౌంట్‌లో డబ్బులు లేకపోతే ఆ రెండోది పెండింగ్‌లో ఉండి, మీరు ఎప్పుడు డబ్బులు వేస్తే అప్పుడు కోసుకుంటుంది. మా అప్ప సరిగ్గా 16,250 వేసింది, రాత్రికి బ్యాంకు తన పాత ఛార్జీ కోసుకుంది, పొద్దున్న ఈఎంఐకి మూడొందలు తక్కువయ్యి మళ్ళీ బౌన్స్. ఆవిడ ఆరోజు అన్నం తినలేదు. అందుకని ముందు సేవింగ్స్ బ్యాంకుకి వెళ్ళి పెండింగ్ ఛార్జీలు ఎంతున్నాయో అడగండి, ఈఎంఐ తేదీకి ఒకరోజు ముందే వెయ్యి రూపాయలైనా ఎక్కువ వేసి ఉంచండి. ఈ నెల డబ్బులు రావని ముందే తెలిస్తే లోన్ ఆఫీసుకి వారం ముందు మెయిల్ పెట్టి రెండోసారి ప్రెజెంట్ చెయ్యొద్దని, అంటే అకౌంట్‌కి మళ్ళీ పెట్టొద్దని, అడగండి.

5. ఒకేసారి కట్టలేకపోతే

రెండు దారులు. ఒకటి, బాకీని నాలుగైదు నెలల మీద ఈఎంఐతో పాటు కొంచెం కొంచెం కట్టడం, దీనికి ఒప్పుకుంటే ఆ టైంలో పీనల్ ఆపుతారా లేదా రాసి ఇమ్మనండి. రెండోది, బాకీని అసలులో కలిపీసి కొత్త షెడ్యూల్ ఇవ్వడం. వినడానికి ఇది హాయిగా ఉంటుంది కానీ లెక్క చూడండి, 48,750 ని 9 శాతం వడ్డీకి 14 ఏళ్ళ మీద పరిస్తే ఈఎంఐ నెలకి 511 పెరుగుద్ది, మొత్తం కట్టేది దగ్గర దగ్గర 86 వేలు. పైగా రీషెడ్యూల్ చేసినందుకు ఫీజు ఉంటుందా, సిబిల్‌లో (మన అప్పుల రికార్డులో) రీస్ట్రక్చర్ అని, అంటే లోన్ షరతులు మార్చారని, పడుద్దా, రెండూ ముందే అడగాలి.

బాకీ తీర్చడానికి బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్ళని మా వీధిలోనే చూశాను. అది ఏడాదికి 36 శాతం. దయచేసి ఆ పని చెయ్యొద్దు, బంగారం ఉంటే బ్యాంకులో పెట్టుకోవడం దానికంటే చాలా నయం.

6. వినకపోతే పైకి వెళ్ళండి

ముందు అదే సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బ్యాంకు లోన్ అయితే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విని తేల్చే అధికారి) సీఎంఎస్ అనే వాళ్ళ ఫిర్యాదుల వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఎలా పెట్టాలో తెలియకపోతే 14448 కి ఫోన్ చెయ్యండి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంక్‌కి పెట్టాలి. ఫిర్యాదుకి ఫీజు లేదు, మధ్యలో ఎవరికీ డబ్బులు ఇవ్వక్కర్లేదు. కాగితాలు రాసుకోవడం రాదనుకుంటే శ్రీకాకుళం కోర్టులోనో విజయనగరం కోర్టులోనో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, నంబరు 15100. ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. కేసు పడకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడించమని కూడా అడగొచ్చు.

7. 60 రోజుల నోటీసు వస్తే

సర్ఫేసీ చట్టం (కోర్టుకి వెళ్ళకుండానే తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకోవడానికి లోన్ ఇచ్చినవాళ్ళకి వీలిచ్చే చట్టం) 13(2) కింద, 60 రోజుల్లో బాకీ కట్టమని నోటీసు వస్తే పోస్ట్‌మ్యాన్‌ని వెనక్కి పంపించకండి, తీసుకోకపోయినంత మాత్రాన నోటీసు ఆగదు, మనకి ఉన్న రోజులే పోతాయి. ఆ 60 రోజుల లోపు ఛార్జీల మీద అభ్యంతరాలు రాసి పంపితే వాళ్ళు 15 రోజుల్లో కారణాలతో జవాబు ఇవ్వాలి. ఆ తర్వాత ఇంటి స్వాధీనం దాకా వెళ్తే పేపర్లో వేసే ప్రకటన ఖర్చు దగ్గర్నుంచి అన్నీ మన మీదే పడతాయి, ఛార్జీలు వేలల్లోంచి లక్షల్లోకి వెళ్ళేది ఇక్కడే. స్వాధీనం చర్య మీద 45 రోజుల్లో విశాఖపట్నంలో ఉన్న డీఆర్‌టీకి (బాకీల వసూలు కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్ళొచ్చు, అప్పటికి మాత్రం తప్పకుండా లాయర్ ఉండాలి.

8. కట్టీసాక

బాకీ సున్నా అని మెయిల్ తీసుకోండి, నెల తర్వాత మళ్ళీ స్టేట్‌మెంట్ తెప్పించి తీసీస్తామన్న ఛార్జీలు నిజంగా రివర్స్ అయ్యాయా చూడండి. మాకు ఒక 590 రివర్స్ కాలేదు, పాత మెయిల్ జతచేసి పంపితే పది రోజుల్లో చేశారు. సిబిల్ రిపోర్ట్ కూడా ఒకసారి తీసి చూసుకోండి, కట్టిన బాకీ ఇంకా బాకీగానే ఉంటే సరిచెయ్యమని లోన్ సంస్థకో సిబిల్‌కో రాయండి, 30 రోజులు దాటితే రోజుకి 100 రూపాయలు వాళ్ళే మనకి ఇవ్వాలి. మా అప్ప ఈ కాగితాలన్నీ ఇంటి దస్తావేజు జిరాక్స్‌తో పాటు ఒకే కవర్లో పెట్టి బీరువాలో దాచింది, ఇంకా 14 ఏళ్ళ లోన్ ఉంది.