ప్రార్థన చేశాం, మానేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు: తప్పు ఎక్కడుంది?

సంఘంలో తాగుడు మాన్పించే బాధ్యత మీద పడ్డవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పాస్టర్లు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజంవాళ్లు, ఇంట్లోవాళ్లు. ప్రార్థన ఎలా చేయాలో మీకు చెప్పక్కర్లేదు. మద్యంతో మత్తులై ఉండొద్దనే ఎఫెసీ 5:18 మీద ప్రసంగం అతను ఇప్పటికే ఇరవైసార్లు విని ఉంటాడు. అవన్నీ చేశాక కూడా పని జరగకపోతే ఎక్కడ వెతకాలన్నదే ఇక్కడి విషయం.

ముందు అడగాల్సింది: చివరి చుక్క ఎప్పుడు పడింది?

ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ అడగరు. మనిషి మోకరించగానే తల మీద చేయి పెట్టేసి, "ఈ రాత్రి నుంచే మానెయ్ తమ్ముడూ" అంటారు. రోజుకు ఎంత తాగుతాడు, ఎన్నేళ్లుగా తాగుతున్నాడు, చివరిసారి తాగి ఎన్ని గంటలైంది, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా? ఈ నాలుగూ అడగడానికి రెండు నిమిషాలు చాలు. పొద్దున్నే చేతులు వణుకుతూ, కొంచెం పడితేగానీ ఆగనివాడైతే ఇంటి దగ్గర ఒక్కసారిగా మాన్పించకండి. ముందు ఆసుపత్రి.

లక్షణం: మానిన మూడో రోజు "దయ్యం పట్టింది"

రాత్రంతా నిద్ర లేదు. గోడ మీద పురుగులున్నాయంటాడు, చనిపోయిన తండ్రి పిలుస్తున్నాడంటాడు, భార్యను గుర్తుపట్టడు. ఇంట్లోవాళ్లు ఉపవాస ప్రార్థన పెట్టి, అతన్ని కూడా పస్తు ఉంచుతారు.

కారణం శరీరంలో ఉంది. ఏళ్ల తరబడి రోజూ మద్యం పడ్డ మెదడు అది ఆగగానే అదుపు తప్పుతుంది. మొదటి 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

తెలంగాణలో ఇదే కల్తీ కల్లుతోనూ జరుగుతుంది. డైజెపామ్, ఆల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లకు అది దొరక్కపోతే పిచ్చిచేష్టలు, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ వైపు ఆసుపత్రులు ఇలాంటివాళ్లతో నిండాయి. ఊళ్లో నలుగురికి ఒకే వారంలో "దయ్యం పడితే" కల్లు దుకాణం మూతబడిందేమో కనుక్కోండి.

పరిష్కారం: జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి గానీ, డీ అడిక్షన్ కేంద్రానికి గానీ తీసుకెళ్లండి. అక్కడ ఆ వణుకు, ఫిట్స్ అదుపు చేసే మాత్రలు లెక్క ప్రకారం ఇచ్చి, కొన్ని రోజుల్లో మెల్లగా తగ్గిస్తారు. దారిలో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ బాటిల్ పెడతానంటే, దానికంటే ముందు గానీ దానితోపాటు గానీ విటమిన్ బి1, అంటే థయమిన్, ఇంజక్షన్ పడాలని చెప్పండి. అన్నం సరిగా తినని తాగుబోతుకు బి1 అడుగంటి ఉంటుంది, ఆ లోటుతో మెదడు దెబ్బతింటుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు అలవాట్లకు 14446, మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416. రెండూ ఉచితం.

ఆసుపత్రికి పోవడం అవిశ్వాసమనే పెద్దలు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల చేత యెషయా 38 చదివించండి. జబ్బుపడ్డ హిజ్కియా రాజు ప్రార్థన విన్నానని దేవుడే చెప్పాక, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద పెట్టించినవాడు అదే యెషయా.

లక్షణం: శ్రమకాలం నలభై రోజులూ ముట్టడు, ఈస్టర్ మధ్యాహ్నం మొదలు

నలభై రోజులు మానినవాడు మానగలడని అందరూ మురిసిపోతారు. నిజానికి అతను మానలేదు, వాయిదా వేశాడు. రోజులు లెక్కపెడుతూ గడిపాడంతే. మత్తయి 12లో ఊడ్చి అమర్చిన ఇల్లు ఖాళీగా ఉంటే వెళ్లిపోయిన అపవిత్రాత్మ మరి ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఉండే ఆ ఖాళీయే మీరు నింపాల్సింది. ఆరున్నరకల్లా కడుపునిండా భోజనం పెట్టండి, ఆకలి మీద తాగాలనిపించడం ఎక్కువ. పని నుంచి వచ్చే దారి మార్చి, బెల్టు షాపు ముందు నుంచి రాకుండా చూడండి. కోరిక పుట్టినా పావుగంట, అరగంటలో తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంటకు ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉండాలి. కుటుంబ ప్రార్థన రాత్రి పదింటికి కాకుండా ఏడింటికి పెట్టుకోండి. ఇంతకంటే దీనికి పెద్ద మర్మం లేదు.

లక్షణం: బాప్తిస్మం తీసుకున్నాడు, సాక్ష్యం చెప్పాడు, ఆరు నెలలు బాగున్నాడు, తర్వాత పడ్డాడు. పడ్డట్టు మనకు తెలిసేసరికి ఇంకో మూడు నెలలు

అందరికీ దొరక్కుండా తప్పించుకునే కారణం ఇక్కడే ఉంటుంది. పడటం కాదు, ఆ మూడు నెలలు ఎవరికీ తెలియకపోవడం అసలు లోపం. తాగుడు ఆగింది గానీ దాచడం ఆగలేదు.

తాగేవాడు సీసా ఒక్కటే దాచడు. ఎంత తాగాడో, ఎక్కడ అప్పు చేశాడో, భార్య గొలుసు ఏ ఫైనాన్స్‌లో తాకట్టు పెట్టాడో, జీతం నిజంగా ఎంతో, అన్నీ దాస్తాడు. ఏళ్లు గడిచేసరికి ఇంట్లో అందరికీ అదే పని అబ్బుతుంది. "మా ఆయనకు ఒంట్లో బాగోలేదండీ" అని మేస్త్రీకి భార్య ఫోన్ చేస్తుంది. డ్వాక్రా లోన్ తెచ్చి బెల్టు షాపు బాకీ తీర్చి, గేదె కోసమని చెబుతుంది. పెద్దపిల్ల తమ్ముణ్ణి పక్కగదిలోకి తీసుకెళ్లి టీవీ సౌండ్ పెంచుతుంది. నాయనమ్మ పాస్టర్ గారు వస్తున్నారని తెలిసి కొడుకును పెరట్లో పడుకోబెడుతుంది. తాగేది ఒక్కడే, దాచేది ఇంటిల్లిపాదీ.

అలాంటి మనిషి కన్నీళ్లతో ముందుకు రాగానే మూడో ఆదివారం మైకు చేతికిస్తాం. పండుగల కూటాలకు తిప్పుతాం. ఇక అతను మన సంఘానికి చూపించుకునే వస్తువు. ఆరో నెలలో బావమరిది పెళ్లిలో ఒక బీరు పడిందనుకోండి, ఎవరికి చెబుతాడు? చెబితే పోయేది అతని పరువొక్కటే కాదు, సంఘం పరువు, పాస్టర్ గారి పేరు. అందుకని పాత విద్య బయటికి తీస్తాడు, దాస్తాడు. దాచిన బీరు రెండో వారానికి క్వార్టర్ అవుతుంది. కొత్తగా చేరినవాణ్ణి ముందు నిలబెట్టొద్దని 1 తిమోతి 3:6లో అధ్యక్షుల గురించి అన్నా, అందులో ఉన్న జాగ్రత్త మైకుకీ వర్తిస్తుంది.

"తాత తాగాడు, తండ్రి తాగాడు, ఇది వంశశాపం" అనే ఇళ్లలో కూడా తవ్వితే సాధారణంగా ఇదే దొరుకుతుంది. ఆదికాండం వరసగా చదవండి. అబ్రాహాము భార్యను చెల్లెలన్నాడు, అదీ రెండుసార్లు, 12లోనూ 20లోనూ. ఇస్సాకు 26లో అచ్చం అదే మాట అన్నాడు. యాకోబు మేకపిల్ల చర్మాలు చుట్టుకొని గుడ్డి తండ్రిని మోసం చేశాడు, యాకోబు కొడుకులు మేకపిల్ల రక్తంలో అంగీ ముంచి అతన్నే మోసం చేశారు. నాలుగు తరాలు నడిచింది దాపరికమే. 45వ అధ్యాయంలో యోసేపు పరాయివాళ్లందరినీ బయటికి పంపి, అన్నల ఎదుట "నేనే యోసేపును" అన్నాకే ఆ ఇంటి లెక్క మారింది. శాపం తెంచే కూటానికి వెళ్లే ముందు యెహెజ్కేలు 18 తీయండి. నీతిమంతుడైన తండ్రి, దుర్మార్గుడైన కొడుకు, తండ్రి పాపాలు చూసి అలా చేయని మనవడు. తండ్రి దోషం ఆ మనవడి మీద పడదని అక్కడ స్పష్టంగా ఉంది.

ఈ కారణమే అని తేల్చుకోవడానికి మూడు గుర్తులు. ఒకటి, చివరిసారి తాగిన తేదీ అడిగితే నెల చెబుతాడు, రోజు చెప్పడు. రెండు, మొత్తం అప్పు ఎంతంటే అడిగినప్పుడల్లా అంకె మారుతుంది. మూడు, భార్యాభర్తల్ని విడివిడిగా అడిగినా జవాబు మాట పొల్లుపోకుండా ఒకటే వస్తుంది. ఆ మూడోది చూసి మోసపోనివాళ్లు తక్కువ.

సరిచేసే పద్ధతి:

ఒకే ఒక్క మనిషిని పెట్టండి. మగవాడికి మగవాడు, ఆడవాళ్లకు ఆడవాళ్లు. బంధువు కాకూడదు, నోరు జారేవాడు అసలు కాకూడదు. వీలైతే పాస్టర్ గారు కూడా వద్దు, ఆయన ముందు మంచిగా కనిపించాలని ఎవరికైనా ఉంటుంది. వారానికోసారి, ఒకే రోజు, అరగంట. యాకోబు 5:16 "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అంటుంది. ఆ "ఒకనితో"ను మనం "సంఘమంతటితో" చేసేశాం. అడగాల్సినవి ఎప్పుడూ ఇవే: ఈ వారం తాగావా? తాగాలనిపించింది ఎప్పుడు, ఎక్కడ? కొత్తగా ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకున్నావా? ఇంట్లో ఎవరికి అబద్ధం చెప్పావు? ఇప్పుడు నాకు చెప్పిన దాంట్లో ఏదైనా తప్పుందా? చివరి ప్రశ్నకే ఎక్కువగా నిజం వస్తుంది. తొందరపడి ప్రార్థనలోకి వెళ్లకుండా ఒక నిమిషం ఊరుకోండి.

రెండో వారంలో అప్పుల పుస్తకం. పేరు, మొత్తం, వడ్డీ, తాకట్టు వస్తువు, లోన్ యాప్‌లతో సహా అతని చేతిరాతతో రాయించండి. "దేవుడు క్షమించాడు కదండీ" అని దాటేయబోతే లూకా 19:8 చూపించండి. జక్కయ్య ఆస్తిలో సగం బీదలకూ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలూ లెక్కగట్టి చెప్పాడు. బాకీ భార్య తీర్చకూడదు, సంఘం చందా వేసి అస్సలు తీర్చకూడదు. నెలకు 500 అయినా అతనే స్వయంగా వెళ్లి ఇవ్వాలి. జీతం ఆమె ఖాతాలో పడి, చార్జీలకూ టీకీ మాత్రం అతని చేతిలో ఉండేలా ఇద్దరి ఒప్పుకోలుతో ఏర్పాటు చేయండి.

భార్యకు చెప్పాల్సింది ఇంకా కష్టం: మేస్త్రీకి ఫోన్ చేయవద్దు. గలతీ 6లో రెండో వచనం ఒకరి భారాలు ఒకరు మోయాలంటుంది, ఐదో వచనం ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలంటుంది. జ్వరంలో గంజి కాచి పోయడం మొదటిది. అతని అబద్ధం ఆమె చెప్పడం రెండోదాన్ని ఎత్తుకోవడం. అలాగే కూరలో రహస్యంగా మందు మాన్పించే మాత్ర కలపడం వెంటనే ఆపించండి. అది చాలావరకు డైసల్ఫిరామ్. దాని మీద మద్యం పడితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అతనికి తెలిసి, డాక్టర్ చూసి, చివరి చుక్క పడి కనీసం 12 గంటలు దాటాకే మొదలుపెట్టాల్సిన మందు అది. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చు.

పిల్లల చేత తండ్రి నోరు వాసన చూపించకండి. వాళ్ల తల మీద చేయి పెట్టించి ఒట్టు వేయించకండి. ఒట్టే పెట్టుకోవద్దన్న ప్రభువు మాట అటుంచినా, ఒట్టు తప్పిన తండ్రి దాచక తప్పదు, బిడ్డకు జ్వరమొస్తే తనవల్లే అనుకుంటాడు. "నాన్నకు తాగుడు జబ్బు ఉంది, బాగుచేయించుకుంటున్నాడు, ఇది నీవల్ల రాలేదు." ఈ మాట తండ్రే చెబితే మంచిది.

సాక్ష్యం ఏడాది దాకా వద్దు. అడగడానికి వచ్చే పొరుగు సంఘంవాళ్లకు మీరే కాదని చెప్పండి, అతని మీదికి నెట్టకండి.

ఇంకొన్ని, త్వరగా

చేతబడి అనుమానం: వదిలేయండి. "రక్తంలోనే ఉంది": తాగేవాళ్ల పిల్లలకు ముప్పు ఎక్కువన్నది నిజమే, అందుకే వాళ్లు మొదటి గ్లాసే ముట్టకపోతే మేలు, అంతకుమించి ఆ మాటకు బరువు లేదు. మానిన నాలుగు వారాలకు కూడా ఏడుపు, నిద్రలేమి, చావాలన్న మాటలు ఉంటే డిప్రెషన్ విడిగా ఉండొచ్చు, సైకియాట్రిస్ట్ దగ్గరికి. చావు మాట వస్తే నాలుగు వారాలూ ఆగొద్దు, ఆ రోజే. ప్రభువు బల్లలో పులిసిన ద్రాక్షరసం వాడే సంఘమైతే అతనికి రొట్టె మాత్రం ఇచ్చేలా ముందే మాట్లాడండి.

కొడుతున్నాడంటే ఇది తాగుడు సమస్యగా చూడకండి. ముందు ఆమెనూ పిల్లల్నీ అక్కడి నుంచి తప్పించండి, 181 లేదా 112. క్షమించడం, అదే గదిలో పడుకోవడం ఒకటి కాదు.

మళ్లీ పడితే

24 గంటల్లోపు ఆ ఒక్క మనిషికి చెప్పాలన్నది ముందే కుదుర్చుకున్న ఒప్పందమై ఉండాలి. చెప్పినవాణ్ణి సంఘంలో నిలబెట్టి మందలించకండి, ఇంకోసారి చెప్పడు. ఒక్క పూట తాగి ఆగాడా, వరసగా నాలుగైదు రోజులు నడిచిందా కనుక్కోండి. ఒక్క పూటైతే ఎక్కడ, ఎవరితో, ఏ టైముకన్నది పుస్తకంలో రాయించి, ఆ దారి మూసి, అదే వారం అదే అరగంట కొనసాగించండి. రోజుల తరబడి నడిచి ఉంటే ఇంట్లో ఆపించవద్దు. మళ్లీ మొదటి నాలుగు ప్రశ్నలు, మళ్లీ ఆసుపత్రి.