మరక ఉన్న చోటే పువ్వు: పాత బట్టలకు చేతికుట్టు అలంకరణ

పాత బట్టను చేతికుట్టుతో అలంకరించాలనుకున్నప్పుడు చాలామంది ముందుగా ఒక డిజైను ఎంచుకొని, దాన్ని ఎక్కడ కుడితే బాగుంటుందా అని ఆ తరువాత వెతుక్కుంటారు. ఈ వరుసను తిరగవేయడం మేలని నా అభిప్రాయం. వాడిన బట్టకు జేబు కింద సిరా మరక, మోచేతి దగ్గర పలచబడిన నేత, పోగులు లేచిన చేతి అంచు, గుండీ ఊడిన చోట చిరుగు వంటి లోపాలు ఏవో ఉండనే ఉంటాయి. డిజైను ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో, ఏ కుట్టు వాడాలో ఆ లోపాన్నే చెప్పనివ్వాలి. బాగున్న భాగం మీద ఎన్ని పువ్వులు కుట్టినా, మరకను అలాగే వదిలేస్తే చూసేవారి కన్ను దాని మీదికే పోతుంది.

అయితే సూది పట్టుకొనే ముందు బట్టలో ఇంకా సత్తువ ఉందో లేదో చూసుకోవాలి. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూస్తే నేత పలచబడిన చోట్లు తెలిసిపోతాయి. ఆ చోటును రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకొని మెల్లగా లాగినప్పుడు పోగులు విడిపోతున్నా, సన్నగా చిట్లిన చప్పుడు వినిపించినా అక్కడ కుట్టు నిలవదు, ఎందుకంటే కొత్త దారం పాత నేతకంటే గట్టిది కాబట్టి అదే బట్టను కోసేస్తుంది. అలాంటి చోట లోపలి వైపు మెత్తని నూలు గుడ్డ వేసి, రెండు పొరలనూ కలిపి కుట్టాలి. మొత్తం బట్టే చీకిపోయి ఉంటే దాన్ని బాగుచేసే ప్రయత్నం మానుకొని, గట్టిగా ఉన్న భాగాలను మరో బట్టకు మాసికలుగా కత్తిరించుకోవడం తెలివైన పని.

అలంకరించబోయే బట్టనూ, దానికి వేయబోయే ముక్కనూ ముందే ఉతికి ఆరబెట్టాలి. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది కనుక, ఉతకకుండా అతికిస్తే తరువాత చుట్టూ ముడతలు పడుతుంది. ముదురు ఎరుపు, నీలం, నలుపు దారాలను తడి తెల్లగుడ్డలో చుట్టి కాసేపు నొక్కి ఉంచితే రంగు దిగేదీ లేనిదీ తెలుస్తుంది. దిగే దారాన్ని లేత రంగు బట్ట దరిదాపులకు రానివ్వకూడదు.

ఎంబ్రాయిడరీ దారంలో సాధారణంగా 6 సన్నని పోగులు కలిసి ఉంటాయి. పలచని బట్టకు 2, మామూలు చొక్కా బట్టకు 3, జీన్సు వంటి మందపాటి బట్టకు 4 నుంచి 6 పోగులు సరిపోతాయి. పోగులను ఒకేసారి లాగితే చిక్కుపడతాయి. ఒక్కొక్కటిగా పైకి లాగి వేరుచేసి, మళ్ళీ పక్కపక్కన పేర్చుకుంటే కుట్టు నునుపుగా వస్తుంది. దారం పొడవు 18 అంగుళాలు దాటితే బట్టలోంచి పదేపదే దూరి చివర్లో నూగు లేస్తుంది, ముడులూ పడతాయి. చేతి సూదుల నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందన్నది కొనేటప్పుడు గుర్తుంచుకోవాలి. బెజ్జం పొడవుగా ఉన్న ఎంబ్రాయిడరీ సూదిలోకి దారం సులువుగా ఎక్కుతుంది.

ఇక మరకను పువ్వుగా మార్చే పద్ధతి. మరక చుట్టూ సుద్దతో దానికంటే కొంచెం పెద్ద గీత గీసి, ఆ గీత లోపల పువ్వుల నడిమి చుక్కలు మాత్రమే పెట్టుకోవాలి. మూడో ఐదో పువ్వులు చిన్నా పెద్దా కలిపి గుంపుగా ఉంటే సహజంగా కనిపిస్తాయి. రేకు కోసం సూదిని నడిమి చుక్క దగ్గర పైకి తీసి, దారాన్ని ఉచ్చులా వదిలి, మళ్ళీ ఆ చుక్క పక్కనే కిందికి దించాలి. తరువాత రేకు కొస దగ్గర ఉచ్చు లోపలినుంచి సూదిని పైకి తీసి, ఉచ్చు మీదుగా ఒక చిన్న కుట్టు వేస్తే రేకు నిలబడుతుంది. ఇలా ఐదు రేకులు వేశాక నడుమ ఫ్రెంచి ముడి వేయాలి. దారాన్ని సూదికి రెండు చుట్లు చుట్టి, ఎడమచేత్తో దారాన్ని కొద్దిగా బిగించి పట్టుకొని, సూదిని పైకి వచ్చిన రంధ్రంలోకి కాకుండా ఒకటి రెండు నేతపోగులు పక్కకు దించాలి. అదే రంధ్రంలోకి దించితే ముడి కూడా వెనక్కి జారిపోతుంది. కొత్తగా నేర్చుకొనేవారికి ముడి నిలవకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. రేకులు పలచటి గీతలే కనుక మరక వాటి సందుల్లోంచి ఇంకా కనిపిస్తుంటే, మరక రంగుకు దగ్గరి దారంతో ఆకులు నింపాలి. మరకకు పూర్తిగా విరుద్ధమైన రంగు వాడితే అది మరింత ఎత్తి చూపినట్లవుతుంది.

చిరుగుకు పద్ధతి వేరు. కన్నం చుట్టూ అన్ని వైపులా కనీసం ఒక అంగుళం అదనంగా ఉండేలా ముక్క కత్తిరించి, లోపలి వైపు పెట్టి, పెద్ద టాకాలతో తాత్కాలికంగా పట్టించాలి. కన్నం అంచులను లోపలికి మడిచి సన్నని కుట్లతో ముక్కకు కలిపాక, దాని మీదుగా పావు అంగుళం ఎడంతో సమాంతరంగా రన్నింగ్ కుట్లు, అంటే సూదిని పైకీ కిందికీ దూరుస్తూ నేరుగా సాగే కుట్లు, నడపాలి. జపాన్‌లో సాషికో అని పిలిచే కుట్టు ఈ జాతిదే. నీలం బట్ట మీద తెల్ల దారంతో, పైన కనిపించే కుట్టు కిందిదానికంటే కాస్త పొడవుగా ఉండేలా వేస్తారు. వరుస చివర తిరిగేటప్పుడు దారాన్ని బిగించకుండా చిన్న వదులు ఉంచితే బట్ట ముడుచుకోదు.

ఈ పనిలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కబుర్లు చెప్పుకుంటూ చొక్కా చేతి మీద కొమ్మ కుట్టి, తీరా చూస్తే పై పొరా కింది పొరా కలిసిపోయి, చెయ్యి దూరే దారే లేకుండా పోయింది. అప్పటినుంచి చేతుల్లో, ప్యాంటు కాళ్ళలో, జేబుల్లో పని చేసేటప్పుడు లోపల ఒక అట్టముక్క తప్పనిసరిగా పెడుతున్నాను.

అరిగిన అంచులకు కాజా కుట్టునే కొంచెం ఎడంగా వేస్తే పోగులు లేవడం ఆగుతుంది, రంగు దారమైతే అదే అంచు అలంకారమూ అవుతుంది. పూసలను మామూలు దారంతో కాక గట్టి పాలియెస్టర్ దారాన్ని రెండు పేటలు చేసి కుట్టాలి. నాలుగైదు పూసలకొకసారి వెనకవైపు ముడి వేస్తే ఒకచోట తెగినా అన్నీ రాలిపోవు. చమ్కీని నడుమ ఒక చిన్న పూసతో పట్టిస్తే దారం కనిపించదు. అద్దాల పని అందమైనదే గాని, మొదటి ప్రయత్నానికి అది తగదు.

టీ షర్టు వంటి సాగే బట్టను ఎంబ్రాయిడరీ రింగులో (బట్టను బిగించి పట్టే గుండ్రటి చట్రంలో) బిగించి లాగి కుడితే, తీసిన తరువాత కుట్టు చుట్టూ గుంటలు పడుతుంది. వెనక పలచని గుడ్డ వేసి, బట్టను లాగకుండా కుట్టాలి. మెడ చుట్టూ రన్నింగ్ కుట్టు వద్దు, తల దూర్చేటప్పుడు దారం పుటుక్కున తెగుతుంది. గొలుసు కుట్టు కొంత సాగుతుంది కనుక అక్కడ అదే మేలు.

పని పూర్తయ్యాక వెనకవైపు దారపు కొసలను అక్కడి కుట్ల కిందుగా దూర్చి కత్తిరించాలి. ముడులు ఒంటికి గుచ్చుకొనే చోట మెత్తని గుడ్డతో అస్తరు వేయాలి. ఉతికేటప్పుడు బట్టను తిరగేసి చన్నీళ్ళలో చేత్తో ఉతికి, నీడన ఆరబెట్టాలి. ఇస్త్రీకి ముందు సుద్ద గీతలు పూర్తిగా పోయాయో లేదో చూసుకోవాలి. ఆ తరువాత మందపాటి తువ్వాలు మీద కుట్టుపని కిందికి ఉండేలా పరచి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేస్తే పువ్వులు అణగకుండా ఉబ్బెత్తుగా నిలుస్తాయి. చమ్కీలు ఉన్న చోటికి మాత్రం ఇస్త్రీపెట్టెను పోనివ్వకూడదు, అవి వేడికి కరిగి ముడుచుకుపోతాయి.