గుర్తు తెలియని మృతదేహం మనవాళ్లదేమో అనిపిస్తే ఏం చేయాలి?

జిల్లా పేజీలో ఓ మూల నాలుగు లైన్ల వార్త వస్తుంది: కాలువలో గుర్తు తెలియని మృతదేహం, వయసు సుమారు 45, చామనఛాయ, ఒంటిపై నీలం గళ్ల చొక్కా. ఇంట్లో మనిషి కనిపించకుండా పోయి ఉంటే ఆ నాలుగు లైన్లు చాలు, ఇక నిద్ర పట్టదు. విజయవాడ, గుంటూరు వైపు ఉన్నవాళ్లు అలాంటప్పుడు ఏం చేయాలో చూద్దాం.

అసలు చిక్కు ఒకటుంది. మనిషి తప్పిపోయాడన్న కేసు ఒక స్టేషన్‌లో ఉంటుంది, దొరికిన మృతదేహం మీద కేసు ఇంకో స్టేషన్‌లో ఉంటుంది. ఆ రెండు ఫైళ్లూ ఎవరో ఒకరు కలపాలి. చాలాసార్లు ఆ పని కుటుంబమే చేయాల్సి వస్తుంది.

1. ముందు ఫిర్యాదు

24 గంటలు ఆగాలన్న రూల్ ఏదీ లేదు. వెంటనే వెళ్లి రాసివ్వండి, క్రైమ్ నంబరు, ఎఫ్‌ఐఆర్ కాపీ అడిగి తీసుకోండి. ఎవరైనా ఎత్తుకెళ్లారనో, ఏదైనా చేశారనో అనుమానం ఉంటే ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (ఘటన ఆ స్టేషన్ పరిధిలోది కాకపోయినా కట్టేది) పెట్టించవచ్చు. 18 ఏళ్లలోపు పిల్లలైతే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో సుప్రీంకోర్టే చెప్పింది. తప్పిపోయినవాళ్ల ఫోన్ నంబరుకు రీచార్జ్ మాత్రం ఆపకండి.

2. ఒంటి గుర్తుల కాగితం

ఫొటో ఇచ్చాం కదా అని ఆగిపోతారు చాలామంది. నీళ్లలో రెండు మూడు రోజులున్న మనిషి ముఖం ఉబ్బిపోతుంది, రంగు మారిపోతుంది. కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. పేపర్లో వేసే వయసు కూడా చూసినవాళ్ల అంచనాయే, దాన్ని పట్టుకుని ‘మావాడికి 32, ఇతను కాదు’ అని వదిలేయకండి.

పనికొచ్చేవి వేరే ఉన్నాయి. టెన్త్ సర్టిఫికెట్ తీసి చూడండి, అందులో రెండు పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. పచ్చబొట్టు, అపెండిసైటిస్ కోతో, సిజేరియన్ కోతో మిగిల్చిన మచ్చ, కట్టుడు పళ్లు, క్యాప్ వేసిన పన్ను, మొలతాడు, తాయెత్తు, మెట్టెలు, చెప్పుల సైజు అన్నీ రాయండి. కాలిలో రాడ్డో ప్లేటో వేసి ఉంటే ఆసుపత్రి ఫైల్ వెతకండి. ఆ ప్లేటు తాలూకు స్టిక్కర్, దాని మీద నంబరు ఫైల్లో ఉండొచ్చు. ఒళ్లంతా పాడైపోయినా ప్లేటు మీద ఉండే ఆ నంబరు చెరగదు. చొక్కా కుట్టించుకునే అలవాటుంటే కాలర్ లోపల టైలర్ లేబుల్ మీద షాపు పేరు, ఊరు ఉంటాయి. ఇంట్లో ఉన్న మరో చొక్కా లేబుల్‌ను ఫొటో తీసి ఆ కాగితానికి జతచేయండి.

వాడిన టూత్‌బ్రష్, దువ్వెన కడగకుండా కాగితం కవర్లో పెట్టి దాచండి, డీఎన్ఏ పరీక్షకు పనికొస్తాయి.

3. ఏ స్టేషన్లలో అడగాలి?

ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకు ఇటు విజయవాడ, ఎన్టీఆర్ జిల్లా. అటు తాడేపల్లి, గుంటూరు జిల్లా. బ్యారేజీ దిగువకు కొట్టుకుపోతే కృష్ణా జిల్లా పరిధిలోకో, అటు ఒడ్డున రేపల్లె వైపో పోవచ్చు. ఏలూరు కాలువ, బందరు కాలువ నగరం మధ్య నుంచే బయటకు పోతాయి. అంటే విజయవాడలో తప్పిపోయిన మనిషి గురించి నీళ్లు పారిన దారి పొడుగునా ఉన్న స్టేషన్లలో అడగాలి. పట్టాల పక్కన దొరికితే సివిల్ పోలీసులు కాక రైల్వే పోలీసులు చూస్తారు కాబట్టి విజయవాడ, గుంటూరు, తెనాలి జీఆర్పీ స్టేషన్లలో విడిగా కనుక్కోండి.

ప్రతిచోటా ఒకే ప్రశ్న వేయండి: ‘ఫలానా తేదీ తర్వాత గుర్తు తెలియని మృతదేహం కేసు ఏదైనా కట్టారా?’ ఇలాంటి కేసులు ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 194వ సెక్షన్ కింద కడుతున్నారు, 2024 జూలైకి ముందువైతే పాత చట్టం సీఆర్పీసీ 174వ సెక్షన్. కేంద్రం వారి డిజిటల్ పోలీస్ పోర్టల్లో కూడా వెతకొచ్చు, కానీ అదొక్కటే నమ్ముకోవద్దు.

4. మార్చురీకి ఎవరు వెళ్లాలి?

తల్లినో భార్యనో ముందు పంపకండి. గట్టి గుండె ఉన్న బావమరిదో, బాబాయో వెళ్లి మొదట బట్టలు, వస్తువులు, పోలీసులు తీసిన ఫొటోలు చూడాలి. గుర్తుల కాగితం చేతిలో పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడాలి. ఎవరూ రాని శవాన్ని సాధారణంగా మూడు రోజుల తర్వాత ఖననం చేయించేస్తారు, అందుకే ఈ పనిలో ఆలస్యం పనికిరాదు. ఆలస్యమైపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. ఫొటోలు, బట్టలు కేసు ఫైల్లో ఉంటాయి. అవసరమైతే మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో శవాన్ని వెలికితీస్తారు.

‘వేలిముద్ర వేసి ఆధార్‌లో చూడరా?’ అని అందరూ అడుగుతారు. అలా కుదరదు. ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం వేలిముద్రలు, కనుపాపల వివరాలు ఎవరికీ ఇవ్వకూడదు.

5. ఎముకలే మిగిలితే

కటి ఎముకను బట్టి ఆడో మగో, తొడ ఎముక పొడవును బట్టి ఎత్తు, పళ్లను బట్టి వయసు అంచనా వేస్తారు. ఫలానా మనిషే అని తేల్చేది మాత్రం డీఎన్ఏ. దర్యాప్తు అధికారి ద్వారానే అది ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లాలి, కాబట్టి పరీక్ష చేయించమని ఆయనకే రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. రిపోర్టుకు నెలలు పట్టొచ్చు.

రక్తం ఎవరిది ఇవ్వాలి? తల్లిదండ్రులు, పిల్లలు ఉంటే వాళ్లదే మేలు. వాళ్లు లేకపోతే బంధుత్వం చూసుకోవాలి. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్ఏ పాత ఎముకల్లో కూడా దొరకొచ్చు. దానికి తోబుట్టువులు, మేనమామ, తల్లి అక్కచెల్లెళ్లైన పెద్దమ్మ, పిన్ని పనికొస్తారు. మగవాళ్ల విషయంలో, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ పరీక్షకు అన్నదమ్ములు, తండ్రి అన్నదమ్ములైన పెదనాన్న, బాబాయి పనికొస్తారు. మేనత్త ఈ రెండింటికీ పనికిరాదు.

తప్పిపోయినవాళ్ల, గుర్తు తెలియని మృతుల డీఎన్ఏ వివరాలు ఒకచోట ఉంచే సూచికలు పెట్టాలన్న బిల్లును 2023లో కేంద్రం వెనక్కి తీసుకుంది. అందుకే ఈ పోలిక దానంతటదే జరగదు. డీఎన్ఏ కలవకపోతే ఆ రిపోర్టును మిస్సింగ్ కేసు ఫైల్లో పెట్టించండి, రేపు ఇంకో మృతదేహం దొరికితే పనికొస్తుంది.

6. మోసగాళ్లతో జాగ్రత్త

మనిషి తప్పిపోయాడని పంచే కరపత్రం మీద నంబరు వేయగానే ఫోన్లు మొదలవుతాయి. ‘మీవాడు మా దగ్గరే ఉన్నాడు, ఫోన్‌పే చేయండి, పంపిస్తాం’ అంటారు. కరపత్రంలో వేయని గుర్తు ఒకటి మీ దగ్గర దాచుకుని అదేంటో చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ నంబరు పోలీసులకివ్వండి.

7. గుర్తుపట్టాక కాగితాలు

ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు మూడింటిలోనూ ‘గుర్తు తెలియని వ్యక్తి’ అనే ఉంటుంది. మృతుడు ఫలానా అని తేలినట్టు పోలీసుల చేత రాయించుకోకపోతే బీమా, పెన్షన్ ఆఫీసుల్లో తిప్పుతారు. మరణ నమోదు మీ ఊళ్లో కాదు, మృతి జరిగిన చోట చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఏ ఆచూకీ లేకుండా ఏడేళ్లు గడిస్తే చనిపోయినట్టు భావించడానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 111వ సెక్షన్ వీలిస్తుంది. అయితే దానికి సివిల్ కోర్టు డిక్లరేషన్ అవసరం పడుతుంది, అక్కడ మొదట అడిగేది తొలిరోజు ఇచ్చిన ఫిర్యాదు కాపీయే.